జోడీ పెట్టెలు

దినేష్ సోల్డరింగ్ కడ్డీ చేతికి తీసుకున్నాడంటే చాలు, జములమ్మ రాట్నం ఆపేసి లేచి నిలబడుతుంది. తలుపు మూలన ఎండిన వేపకట్టె ఒకటి ఆనించి పెట్టుకుంది. కరెంటు పట్టిన మనిషిని చేత్తో ముట్టుకోవద్దనీ, ఎండుకట్టెతో కొట్టి విడిపించాలనీ ఎవరో చెప్పగా విన్నది మొదలు ఆ కట్టెను పొయ్యిలోకి పోనివ్వలేదు. కడ్డీ మొనన పొగ లేచినప్పుడల్లా ఆమె చెయ్యి దానికదే కట్టె మీదికి పోతుంది.

"ఏమే, కట్టె పట్టుకోని ఎనక నిలబడ్డవ్, కొడుకును మేపుతున్నవా ఏంది?" మగ్గం గుంతలో కూర్చున్న లింగయ్య నాడె విసురుతూ అన్నాడు.

"నువ్వు గుంతలనే కూసో. నీకేమైతది? వానికేమన్న అయితె అడిగెటోడు లేడు."

"అమ్మా, ఈ పెట్టెల కరెంటు లేదు. ఉత్త చెక్క, తీగె," అన్నాడు దినేష్ తల ఎత్తకుండానే.

"లేదనుకున్నకాడనే ఉంటది కొడకా."

గద్వాల చేనేత వీధిలో అందరి ఇళ్లలాగే ఆ ఇంట్లోనూ ముందుగది మగ్గానిదే. కిటికీ కింద మిగిలిన జాగాలో దినేష్ బల్ల వేసుకున్నాడు. టీవీలు, మిక్సీలు, పెళ్లి మైకులు, ఏవి తెచ్చినా కాదనడు. అయితే ఇప్పుడు బల్ల పక్కన నేల మీద ఉన్నవి అట్లాంటివి కావు. మనిషి నడుము ఎత్తు, టేకు రంగు చెక్క స్పీకర్లు, రెండు. వనపర్తి సీతారాములువి. క్యాసెట్ల కాలంలో ఆయనకు రికార్డింగ్ దుకాణం ఉండేది. పాటల పేర్లు చెప్పి పోతే సాయంత్రానికల్లా క్యాసెట్ నింపి ఇచ్చేవాడు. దుకాణం పోయింది, పెట్టెలు మిగిలాయి. ఈమధ్య అవి జలుబు చేసిన మనిషిలా పలుకుతున్నాయని, ఎవరో దినేష్ పేరు చెబితే ఆటో ట్రాలీలో పంపించాడు.

"ఇంతకు ఏం మారుస్తున్నవ్ వీటిల్ల?" అడిగింది జములమ్మ. కట్టె వదల్లేదు.

దినేష్ అరచెయ్యంత పలకను ఎత్తి చూపించాడు. దాని మీద రాగితీగె చుట్టలు, చిన్న చిన్న గొట్టాలు. "దీన్ని క్రాసోవర్ అంటరు. పాట వైరుల ఒక్కటే దారిన వస్తదమ్మా. ఈ పలక దాన్ని రెండు పాయలు చేస్తది. లావు సౌండు కింద పెద్ద ఊఫరుకు, సన్న సౌండు పైన చిన్నదానికి. రెండు కలిసేకాడ అతుకు తెల్వొద్దు. నాయిన పట్టంచును నూలు ఒంటికి కుప్పడం ఏసి కలుపుతడు సూడు, గట్లన్నట్టు."

అది మాత్రం ఆమెకు వెంటనే తలకెక్కింది. గద్వాల చీర బతుకంతా ఆ కుప్పడంలోనే ఉంది. పట్టు పోగు, నూలు పోగు ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకునే చోట చెయ్యి తప్పిందా, అంచు ఒక దిక్కు, చీర ఒక దిక్కు.

"మరి చెడిపోయిందా ఈ పలక?"

"చెడిపోలే, ముసలిదైంది. ఈ గొట్టాలు కెపాసిటర్లు. లోపల ఎండిపోయినయి. ఉన్నట్టియే పెడితె మునుపటి లెక్క పలుకుతయి. నేను ఇంక మంచియి తెప్పించిన. ఈ రాగి చుట్టలు, కాయిలంటరు, అవి గూడ లావు తీగెది చుట్టిన. లెక్కలన్ని నేనే కట్టిన."

"ఉన్నది ఉన్నట్టు చెయ్యరాదా? మంచిగ చెయ్యబోతె ఏమన్న అయితె?"

"ఏమైతది?"

"ఏమైతదో నాకేం ఎరుక? ఏమన్న అయితది."

లింగయ్య గుంతలోంచి గట్టిగా నవ్వాడు. దినేష్ నవ్వలేదు. నెల రోజులుగా ఆ ఇంట్లో నడుస్తున్న మాట ఈ పెట్టెల దగ్గరే వచ్చి ఆగింది. జములమ్మ తమ్ముడు నరేందర్ ఎర్రవల్లి చౌరస్తా దగ్గర విత్తనాల గోదాములో పని మాట్లాడి పెట్టాడు. నీడపట్టు పని, లారీలు వస్తే సంచులు లెక్కపెట్టి ఎక్కించడం. కరెంటు లేదు, పొగ లేదు. ఆమె పోరగా పోరగా దినేష్ చివరికి ఒక మాట అన్నాడు: "ఈ పెట్టెలు పలికినయంటె నేను ఈ పనిల్నే ఉంట, మల్ల నన్ను అడగొద్దు. పలకలేదంటె మామ చెప్పినకాడికి పోత, నువ్వు చెప్పనవసరం లేదు."

అందుకే ఆమెకు ఏమని మొక్కుకోవాలో తెలియలేదు. తన పేరే ఉన్న ఊరి దేవత జమ్ములమ్మ గుడి దిక్కు చేతులు జోడించి, నీకే ఎరుక తల్లీ అని ఊరుకుంది.

మధ్యాహ్నం దినేష్ రెండు ఊఫర్లనూ విప్పి చాప మీద బోర్లించాడు. ఒక్కోదాని వెనక వైరు క్లిప్పులు తగిలించే రెండు ఇత్తడి కాళ్లు. కంపెనీవాళ్లు పెట్టిన ఎర్రచుక్క ఎప్పుడో చెరిగిపోయింది. మొదటిదానికి చిన్న బ్యాటరీ తగిలించి ఏ కాలు ప్లస్సో, ఏది మైనస్సో తేల్చుకున్నాడు.

"అమ్మా, నీ ఎర్రదారం పోగు ఇట్ల తే. ఇగో, ఈ కుడి కాలుకు ముడెయ్యి. ఇదే నాకు గుర్తు. ఎర్రదారానికి ఎర్ర వైరు. రెండోది గూడ ఈ కంపెనీదే, దానికి గూడ గట్లనే కట్టు." అంతలో ఫోన్ మోగింది. బయట సిగ్నల్ బాగుంటుందని అరుగు మీదికి పోయాడు.

కడ్డీ పక్కన లేదు కాబట్టి జములమ్మ నిబ్బరంగా చాప మీద కూర్చుంది. కొడుకు పనిలో తన చెయ్యి పడటం అదే మొదలు. మొదటిదానికి కుడి కాలుకు నేతముడి వేసి, కొస పళ్లతో తెంపింది. రెండోదాన్ని దాని కుడిపక్కకు జరిపి, ఒక్క ఘడియ చూసి, ఎడమ కాలుకు కట్టింది. రెండు ఎర్రదారాలూ చీర రెండంచుల్లాగ ఒకదానికొకటి ఎదురెదురుగా చూస్తున్నాయి. జోడీ కుదిరిందనుకుంది.

సాయంత్రం దినేష్ పెట్టెలు బిగించి పాట పెట్టాడు. అతని ఆంప్లిఫయర్‌లో ఒక దిక్కు ఎప్పుడో కాలిపోయింది. అందుకని ముందు ఒక పెట్టెకు తగిలించాడు, తర్వాత రెండోదానికి. ఏదో పాత పాట, ఆడగొంతు. మాటకూ మాటకూ మధ్య ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. లింగయ్య కాళ్లు మగ్గం కాలిపలకల మీద అట్లాగే ఆగిపోయాయి.

"ఆయమ్మ మన ఇంట్లనే కూసున్నట్టుంది గదరా," అన్నాడు.

దినేష్ ముఖంలో సంతోషం చూసి జములమ్మకు భయమేసింది. ఇంత సంతోషం ఎక్కువ కాలం ఉండనిస్తారా ఎవరన్నా?

*

వనపర్తికి ఆమె కూడా ట్రాలీలో ఎక్కింది. "నువ్వెందుకమ్మా" అంటే, పెట్టెలు జారి మీద పడితే పట్టుకోడానికి అంది. పెబ్బేరు సంత రోజు కావడంతో రోడ్డంతా ఎడ్లు. ఒక కోడె ట్రాలీకి కొమ్ము ఆనించేసరికి ఆమె పెట్టెను వదిలి కొడుకు చొక్కా పట్టుకుంది. అంతకుముందు బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటేదాకా ఊపిరి బిగబట్టుకునే కూర్చుంది.

సీతారాములు సన్నగా, తెల్లబనియను మీద ఉన్నాడు. పెట్టెలను తనే తుడిచి, గోడకు ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల పెట్టి, నడుమ తన కుర్చీ సర్దుకున్నాడు. "కూసో అమ్మా, చాయ్ వస్తది. నీ కొడుకు చేతి పని ఎట్లుందో జర ఇందాం," అన్నాడు మంచిగానే. పెట్టెలు రెండింటినీ తన పాత ఆంప్లిఫయర్‌కు తగిలించి, తనకు ప్రాణమైన క్యాసెట్ పెట్టాడు.

పాట మొదలైంది. జములమ్మకు కూడా తేడా తెలిసింది. నిన్న ఇంట్లో కూర్చున్న ఆడమనిషి ఇక్కడ లేదు. తబలా దెబ్బ పొట్టులా తేలిపోతోంది. గొంతు ఎక్కడి నుంచి వస్తోందో పట్టు చిక్కడం లేదు. ఒకసారి చెవి వెనక, ఒకసారి గోడ అవతల. సీతారాములు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, వెనక్కి జరుపుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"ఏం జేసినవ్ తమ్మీ?"

"సార్, ఒక్క నిమిషం. నేను ఇంట్ల..."

"గొంతు నడుమల ఉండాలె. నా కుర్చీకి ఎదురుంగ, గోడ కాడ నిలబడి పాడినట్టుండాలె. ముప్పై ఏండ్లు ఇన్న నేను. తబలా ఏది? పెనం మీది పేలాల లెక్క పటపటమంటున్నది. జలుబు చేసినదాన్ని ఇస్తి, సంపి ఇచ్చినవ్ గదరా!"

దినేష్ స్క్రూలు విప్పాడు. ఒక ఊఫరు బయటికి లాగి చూశాడు. ఎర్రదారానికి ఎర్ర వైరు. రెండోదాన్నీ లాగి చూశాడు. ఎర్రదారానికి ఎర్ర వైరు. అమ్మ కట్టిన ముడి, ఇంకా బిగిగానే ఉంది. రెండింటినీ మళ్లీ బిగించి పెట్టెల ముందు గొంతుకూర్చున్నాడు.

"వైర్లు సరిగనే ఉన్నయి సార్. కెపాసిటర్లు... నా లెక్క ఎక్కడనో..."

"నీ లెక్కలు! మంచి సరుకు పెట్టినవా, లేక లోపలి జర్మనీ సామాను అమ్ముకొని గోలీసోడ గోలీలు పెట్టినవా?"

దినేష్ సంచిలోంచి పాత పలకలు రెండు తీసి, గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. పీకేసిన గొట్టాలు కూడా, ఒక్కటి తగ్గకుండా. "అన్ని ఉన్నయి సార్. ఇంకొకరి చేత మల్ల పెట్టించుకోండి. నాకు పైసలేం వద్దు."

"ఇయ్యను గూడ. చెయ్యి తియ్యి దాని మీదికెళ్లి. పో!"

జములమ్మ లేచి నిలబడింది. కన్నకొడుకును పరాయి ఇంట్లో గదరా అని, పో అని, దొంగ అని... మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ మనిషి బీపీ ఎక్కి పడిపోతే కేసవుతుందేమో అన్న భయం దానికంటే ముందే వచ్చింది. చాయ్ గ్లాసులు అట్లాగే ఉండిపోయాయి.

తిరుగుదారిలో దినేష్ ఒక్కటే మాట అన్నాడు. "ఇంట్ల మంచిగనే వినొచ్చిందమ్మా నాకు. అంటె నాకు వినుడు గూడ రాదన్నట్టు."

*

సోమవారం అతను గోదాముకు పోయాడు. నరేందర్ బండి మీద వచ్చి తీసుకుపోయాడు. జములమ్మ టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, పచ్చిపులుసు సర్ది, బండి వీధి మలుపు తిరిగేదాకా నిలబడింది. లోపలికి వచ్చి తలుపు మూలన కట్టెను తీసి పొయ్యిలో పెట్టింది. అది భగ్గున అంటుకుంది. ఎన్నాళ్ల తర్వాతో ఆ రోజు పగలు కాసేపు కన్ను మూతపడింది.

మరునాడు లింగయ్య చీర దించి మడత పెడుతుంటే ఆమె రెండో కొస పట్టుకుంది.

"ఇన్నవా, పక్కింటోల్ల లక్ష్మణ్ సంగతి?" అన్నాడు లింగయ్య. "కొత్తగ మగ్గమెక్కిండు గద. రెండంచులు ఒక్క దిక్కే చూసేటట్టు నేసిండంట. ఈ దిక్కు కోటకొమ్మల మొనలు లోపలికి, ఆ దిక్కువి బయటికి. నేయించిన మాస్టర్ వీవర్ మొఖం మీద కొట్టిండు చీరను."

"అయ్యో పిచ్చోడా!" జములమ్మ పకపకా నవ్వింది. "జోడీ అంటె ఎదురుంగ కలవాలె గద. ఒకటి ఇట్లుంటె ఇంకోటి అట్ల. గది గూడ తెల్వదా? రెండిటిని ఒక్క తీరుగ..."

నవ్వు అక్కడే ఆగింది. చీర కొస చేతిలోంచి జారింది.

గట్లనే కట్టు అన్నాడు దినేష్. గట్లనే. కుడిదంటే కుడిదే. ఆ స్పీకర్లు చీర అంచులు కావు. ఒక్క అచ్చులో పోసిన రెండు ఇనుప ముక్కలు.

"ఏమైందే?"

"ఏంలేదు. కన్నుల నలక."

కాయిలూ కెపాసిటర్లూ ఆమెకేం తెలుస్తాయి? కానీ ముడి ఆమెకు తెలుసు. వాడు సీతారాములు ఇంట్లో రెండుసార్లు విప్పి చూసింది ఆ ముడినే. అమ్మ కట్టింది కదా అని నమ్మి, తప్పు తన లెక్కలో వెతుక్కున్నాడు. ఇప్పుడు వాడికి చెబితే? చెబితే ఉన్న ఫళాన గోదాము మానేస్తాడు. మళ్లీ కడ్డీ, మళ్లీ పొగ, మళ్లీ తను వాడి వెనక నిలబడటం. అడక్కుండానే తల్లి వరమిచ్చింది. దాన్ని తన నోటితోనే తిప్పి పంపాలా? రేపు చెబుదాంలే అనుకుంది. రేపు కూడా అట్లాగే అనుకుంది.

దినేష్ పొద్దున పోయి సందెవేళకు వస్తున్నాడు. ఒక సాయంత్రం జములమ్మ బజారు నుంచి వచ్చేసరికి కిటికీ కింద బల్ల లేదు. దినేష్ పని నుంచి రాగానే ఎవరికో ఇచ్చేశాడట, కడ్డీతో సహా. ఆ జాగాలో లింగయ్య పడుగు కట్ట పెట్టుకున్నాడు. జములమ్మ ఆ మూలను ఊడ్చింది. సంతోషించాల్సిన మనిషి, ఊడ్చిందే ఊడుస్తూ నిలబడింది.

ఆదివారం మగ్గం కిర్రుమంది. నాలుగు పోగులు నేయగానే మళ్లీ కిర్రుమంది. ఇట్లాంటప్పుడు దినేష్ అన్నం తింటున్నవాడు కూడా చెవి అటు పెట్టి, ఫలానా కాలిపలక తాడు వదులైంది నాయినా అని చెప్పేవాడు. లింగయ్య చూసుకుంటే అదే అయ్యేది.

"ఏదిరా కిర్రుమంటున్నది? జర ఇని చెప్పు."

మంచం మీద పడుకున్న దినేష్ కళ్లు తెరవలేదు. "నాకేం తెలుస్తది నాయినా. నా చెవులను నమ్ముకుంటె ఏమైందో చూసినవ్ గద. ఎవర్నన్న పిలిపించుకో."

మాటలో కోపం లేదు. కోపం ఉన్నా జములమ్మకు ఇంత భయం వేసేది కాదు. కరెంటు పడితే కట్టెతో కొట్టాలని తెలుసు. పాము కరిస్తే దవాఖానకు మోసుకుపోవాలని తెలుసు. బతికున్న కొడుకు మంచం మీద ఇట్లా చల్లబడిపోతే ఏం చెయ్యాలో ఎవరూ ఆమెకు చెప్పలేదు.

*

ఒంటరిగా బస్సెక్కడం ఆమెకు అలవాటు లేదు. అయినా మరునాడు వనపర్తి బస్సెక్కింది. ఆడవాళ్ల ఉచిత టికెట్టుకని ఆధార్ కార్డు జాకెట్లో పెట్టుకుని, కండక్టర్ అడగకముందే తీసి చూపించింది. ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు ఆగినప్పుడు గోదాము గేటు కనిపించింది. లారీ వెనక దుమ్ములో ఎవరో సంచి మీద సంచి లెక్కపెడుతున్నారు. దినేషేనేమో అనుకుని తల కిందికి దించుకుంది.

సీతారాములు తలుపు తీసి గుర్తుపట్టాడు. "పైసల కోసం వచ్చినవా అమ్మా?"

"కాదన్నా. తప్పు చెప్పనీకె వచ్చిన."

పెట్టెలు రెండూ గోడ వైపు తిరిగి ఉన్నాయి. పైన దుప్పటి కప్పి ఉంది. పాత పలకలు బల్ల మీద గుడ్డలోనే ఉన్నాయి. పెట్టించుకోడానికి మనిషి దొరకలేదట. ఆమె నిలబడే మొత్తం చెప్పింది. చాప, దారం, కుడికాలు, ఎడమకాలు, చీర అంచులు. సీతారాములు మొదట వినీ విననట్టు, ఆ తర్వాత కళ్లు చిన్నవి చేసి చూశాడు.

"అంటె నీ కొడుకును ఎనకేసుకరానీకె ఈ కథ పట్టుకోని వచ్చినవా?"

"విప్పి చూడున్నా. ఆ రెండో పెట్టెల క్లిప్పులు రెండు అటుదిటు, ఇటుదటు పెట్టు. నా మాట అబద్ధమైతె నీ చెప్పుతోటి కొట్టు. కరెంటు మాత్రం తీసి విప్పు. నీకేమన్న అయితె మల్ల అది గూడ నా పానానికే."

అతనికి నవ్వు వచ్చినట్టే ఉంది. కానీ స్క్రూడ్రైవర్ తెచ్చాడు. ఊఫరు బయటికి లాగాడు. ఎర్రదారం చూశాడు, రెండోదాని దారం చూశాడు. తల ఊపుతూ క్లిప్పులు మార్చాడు. పెట్టెలను గది వైపు తిప్పి, అదే క్యాసెట్ పెట్టాడు.

తబలా మొదటి దెబ్బకే కిటికీ రెక్క అదిరింది. తర్వాత గొంతు వచ్చింది. ఈ పెట్టెలోంచి కాదు, ఆ పెట్టెలోంచి కాదు, నడుమ ఉత్తగోడ దగ్గర నిలబడి పాడుతోంది. సీతారాములు కుర్చీ దగ్గరికి కూడా పోలేదు. ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయాడు. చరణం అయిపోయేదాకా విన్నాడు.

"నా పెట్టెలు కొత్తయప్పుడు గూడ ఇట్ల పలకలేదమ్మా," అన్నాడు. "ఆ పిలగాన్ని నేను దొంగనంటి."

"నేను అనిపిస్తి."

"నంబరియ్యి. ఇప్పుడే మాట్లాడుత."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. అటు నుంచి లారీ చప్పుడు, ఎవరో సంచులు లెక్కపెడుతున్న అరుపు. సీతారాములు చెప్పుకుపోతున్నాడు. దారం సంగతి, క్లిప్పుల సంగతి, రెండు పెట్టెలూ కలిసి పాడితేనే ఆ తప్పు బయటపడే సంగతి, నోరు జారిన సంగతి, హైదరాబాద్‌లో తన స్నేహితులందరి పెట్టెలూ నీకే పంపుతానన్న సంగతి.

"సార్. అంటె నేను ఏసిన కెపాసిటర్లు సరైనయేనా?"

"సరైనయే తమ్మీ."

"కాయిలు గూడనా?"

"కాయిలు గూడ. ఇగో ఇను, నువ్వే ఇను..." సీతారాములు ఫోన్‌ను పాట వైపు చాచాడు. అంతదూరం పోయే పాట కాదది, ఫోన్లో గరగరలాడింది.

"అమ్మ అక్కడనే ఉందా సార్? జర ఇయ్యండి."

జములమ్మ ఫోన్ అందుకుంది. సీతారాములు మర్యాదగా పాట తగ్గించి లోపలికి పోయాడు.

"నీకు ఎప్పుడు తెలిసిందమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని బస్సులో వంద విధాలుగా అనుకుంది. ఇవాళే తెలిసింది కొడకా అని అందామనుకుంది. వాడు నమ్ముతాడు. ముడిని నమ్మినట్టే నమ్ముతాడు.

"నువ్వు పనికి పోయిన మరునాడే."

లారీ ఇంజను ఆగింది. ఎవరో దినేష్, దినేష్ అని పిలిచారు.

"నువ్వు నీడపట్టున ఉంటవని..." ఆమె ఆ మాట అక్కడే వదిలేసింది. "మానెయ్యిరా. ఇంటికి రా. బల్ల మల్ల చేయిద్దాం. నేను ఎనక నిలబడ, ఇగ నిలబడ."

"సరేమ్మా," అన్నాడు దినేష్. దేనికి సరే అన్నాడో ఆమెకు తెలియలేదు. "బస్సుకు పోతున్నవ్ గద. ముందల సీట్ల కూసో. దిగెటప్పుడు బస్సు ఆగినంకనే దిగు." లైను తెగిపోయింది.

సీతారాములు రెండు చేతుల్లో రెండు చాయ్ గ్లాసులతో వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఏమన్నడమ్మా? సంతోషపడ్డడా? మల్ల పని మొదలువెడతనన్నడా?"

జములమ్మ గ్లాసు అందుకుని, ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"జాగ్రత్తగ పొమ్మన్నడన్నా," అంది.